800 మి.మీ. ఆర్సీ కాటమరాన్: అడుగు కోణం పెంచాలా, స్టెప్పులు కొయ్యాలా?

పాలకొల్లు_ఆర్సీ:

నమస్కారమండి. రిమోట్‌తో నడిపే (ఆర్సీ) కాటమరాన్, అంటే రెండు పొట్టల మోడల్ పడవ అడుగు మారుద్దామని చూస్తున్నాను. ఒంటి మోటారు, సర్ఫేస్ డ్రైవ్, అంటే ప్రాప్ (నీటి పంకా) సగం నీళ్ళ పైన తిరిగే రకం. రంపం పెట్టేముందు తెలిసినవాళ్ళ మాట వినాలని అడుగుతున్నాను.

పొడవు 800 మి.మీ., మొత్తం వెడల్పు 280, మధ్య ఖాళీ (టన్నెల్) 130, పక్కనుండే ఒక్కో పొట్ట (స్పాన్సన్) 75. స్పాన్సన్ల లోపలి గోడలు నిలువుగా ఉంటాయి. అడుగు లోపలి అంచు దగ్గర మొదలై బయటికి 22 డిగ్రీల వాలుతో పైకి లేస్తుంది. స్టెప్పులూ (అడుగుకి అడ్డంగా కోసే మెట్లు) స్ట్రేకులూ (పొడవునా ఉండే పట్టీలు) ఏమీ లేవు. ఫైబర్ అచ్చులో పోసిన హల్ (పడవ డొల్ల). బ్యాటరీతో కలిపి బరువు 2,450 గ్రాములు, బ్యాలెన్స్ పాయింట్ ట్రాన్సమ్ (వెనక గోడ) నుంచి 190 మి.మీ. 4ఎస్ (నాలుగు సెల్లుల) 5000 ఎంఏహెచ్ బ్యాటరీ (500 గ్రాములు), 1500 కేవీ (వోల్టుకి నిమిషానికి 1500 చుట్లు) మోటారు, 40 మి.మీ. రెండు రెక్కల ప్రాప్, పిచ్ రేషియో 1.4 (ఒక చుట్టుకి ముందుకి పోయే దూరం వ్యాసానికి 1.4 రెట్లు). వెనక నుంచి చూస్తే ప్రాప్ గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది. ప్రాప్ సగం బయట ఉండాలంటారు కదా అని స్ట్రట్ (ప్రాప్ షాఫ్ట్‌ని పట్టుకునే కాలు) అడుగుని కీల్ గీతకి (స్పాన్సన్ అన్నిటికంటే కింది గీత) 6 మి.మీ. పైకి పెట్టాను.

ఇబ్బంది ఏంటంటే, సగం థ్రాటిల్ దాకా బాగానే పోతుంది. ఆపైన ముక్కు లేచి పడుతూ ఉంటుంది, ఎడమ స్పాన్సన్ మీదకి వాలిపోతుంది. ఫుల్ ఇస్తే ప్రాప్ కూత పెడుతుందే గానీ జీపీఎస్‌లో 38 కి.మీ. దాటదు.

కోణం 25కి పెంచి, ఒక్కో స్పాన్సన్‌కి రెండేసి స్టెప్పులు కోద్దామనుకుంటున్నాను. పెద్ద ఆఫ్‌షోర్ బోట్లకి అలాగే ఉంటుంది కదండీ. పొద్దుట చేపల చెరువు, సాయంత్రం కాలువ, రెండిటికీ పనికిరావాలి.

---

అణియం_అమరం:

రంపం పక్కన పెట్టండి ముందు. మీరు చెప్పిన లక్షణాల్లో ఒక్కటి కూడా కోణం తక్కువై వచ్చింది కాదు. కోణం ఇంకా పెంచితే ముదురుతుంది.

లెక్క చూద్దాం. 4ఎస్ అంటే 14.8 వోల్టులు, 1500 కేవీతో ఖాళీగా 22,200 ఆర్పీఎం. నీళ్ళ లోడ్ మీద అందులో 80 శాతం వేసుకుంటే సుమారు 17,760. ప్రాప్ పిచ్ 40 × 1.4 = 56 మి.మీ. ప్రాప్ అసలు జారకపోతే గంటకి దాదాపు 60 కి.మీ. రావాలి. మామూలుగా పోయే 15 శాతం జారుడు తీసేస్తే 50. మీకు వస్తోంది 38, అంటే 36 శాతం జారుడు. పవర్ ఉంది, అది నీటిని పట్టుకోవట్లేదు.

ఇప్పుడు అడుగు సంగతి. 50 కి.మీ. వేగంలో 2,450 గ్రాముల పడవని మొయ్యడానికి ఎంత అడుగు తడవాలో తెలుసా? 1964లో సావిట్‌స్కీ అనే ఇంజనీరు ఇచ్చిన ప్లేనింగ్ (పడవ నీటి పైకి లేచి జారుతూ పోవడం) సూత్రంలో పడవ 4 డిగ్రీలు ముక్కెత్తి పోతోందని వేసి చూస్తే, 22 డిగ్రీల వాలుకి రెండు స్పాన్సన్లూ కలిపి 80 చదరపు సెంటీమీటర్లు. ఒక్కోదానికి 40. అంటే ట్రాన్సమ్‌కి ముందు 6–7 సెంటీమీటర్ల ముక్క. మిగిలిన 73 సెంటీమీటర్ల అడుగు ఎంత అందంగా మలిచినా ఆ వేగంలో గాలిలోనే ఉంటుంది, అల తగిలినప్పుడు తప్ప. అందుకే మోడల్ పడవల్లో డిజైన్ అంతా వెనక జానెడు మేరలోనే ఉంటుందనుకోండి.

అదే సూత్రంలో కోణం మార్చి చూస్తే, చదునైన అడుగు ఇచ్చే లిఫ్ట్ (పైకెత్తే బలం) 100 అనుకుంటే 10 డిగ్రీలకి 79, 15కి 69, మీ 22కి 54, మీరు పెడదామనుకుంటున్న 25కి 48. లిఫ్ట్ తగ్గిందంటే పడవ ఇంకా లోతుగా కూర్చుంటుంది, లేదా ముక్కు ఇంకా ఎత్తుతుంది. రెండూ వేగాన్ని తినేవే. పెద్ద ఆఫ్‌షోర్ బోట్లు 22–24 డిగ్రీలు పెట్టుకునేది సముద్రపు అల మీద మనుషుల నడుం విరగకుండా. మన పడవలో ఎక్కేది బ్యాటరీ.

స్టెప్పుల గురించి కూడా చెప్పేస్తాను. స్టెప్ పని చెయ్యాలంటే దాని వెనక ఏర్పడే ఖాళీలోకి గాలి దూరాలి. బయటి అంచు దగ్గర గానీ టన్నెల్ గోడ వైపు గానీ తెరిచి ఉండాలి. గాలి అందకపోతే అక్కడ వాక్యూమ్ పుట్టి అడుగుని కిందికి లాగుతుంది, స్టెప్ లేని పడవ కంటే కనాకష్టం. 800 పొడవుకి 3 మి.మీ. ఎత్తు స్టెప్ ఒకటి, బ్యాలెన్స్ పాయింట్‌కి కాస్త ముందు, చాలు. అదీ మిగతావన్నీ సరిచేశాక. వంకర ఉన్న అడుగుకి స్టెప్ కోస్తే ఏది దేనివల్ల జరుగుతోందో ఇక తేల్చుకోలేరు.

మొదట చూడాల్సినవి ఇవి.

ఒకటి, బ్యాలెన్స్. 190 అంటే పొడవులో 24 శాతం. కాటమరాన్‌కి 30 శాతంతో మొదలుపెట్టాలి, అంటే 240 మి.మీ. ముక్కు గంతులకి మొదటి ముద్దాయి ఇదే. బ్యాటరీ 500 గ్రాములు కాబట్టి దాన్ని 150 మి.మీ. ముందుకి జరిపితే మొత్తం బ్యాలెన్స్ 31 మి.మీ. ముందుకొచ్చి 221 అవుతుంది. మిగిలిన దూరానికి ఈఎస్సీ (మోటారు వేగం నడిపే సర్క్యూట్) కూడా జరపండి. అప్పటికీ అందకపోతే 225 దగ్గర పరీక్షించి చూడండి. ముక్కులో సీసం ముక్కలు మాత్రం పెట్టకండి, అల మీద ముక్కు బరువెక్కితే బుడుంగున మునుగుతుంది.

రెండు, అడుగు వెనక 200 మి.మీ. నిటారుగా ఉందా లేదా. పడవని బోర్లించి, 300 మి.మీ. స్టీలు స్కేలుని అంచు మీద నిలబెట్టి, అవతల ఫోన్ టార్చ్ పెట్టండి. వెలుతురు వచ్చేచోట జిరాక్స్ కాగితం ముక్కలు దూర్చండి. ఒక కాగితం సుమారు 0.1 మి.మీ. రెండు కాగితాలకి మించి దూరితే సరిచెయ్యాల్సిందే. స్కేలు మధ్యలో వెలుతురొస్తే గుంట, దాన్ని హుక్ అంటారు. అది వెనక భాగాన్ని ఎత్తి ముక్కుని నొక్కుతుంది. స్కేలు మధ్యలో ఆని కొనల్లో ఊగుతుంటే ఉబ్బు, అది రాకర్. ఉబ్బు మీదుగా పోయే నీరు వెనక భాగాన్ని కిందికి పీలుస్తుంది, ముక్కు లేస్తుంది. చివరి 50 మి.మీ.లో అర మిల్లీమీటర్ తేడా అంటే 0.57 డిగ్రీలు. పడవ పోయేదే 4 డిగ్రీలతో అయినప్పుడు అది చిన్న తేడా కాదండి.

మూడు, ట్రాన్సమ్ కింది అంచు. అచ్చులోంచి తీసిన హల్ అంచులు గుండ్రంగా వస్తాయి. వేగంలో నీరు అడుగుని ఠక్కున వదిలెయ్యాలి. గుండ్రంగా ఉంటే అంచుని పట్టుకుని పైకి పాకుతుంది, పాకుతూ పడవని వెనక్కీ కిందికీ లాగుతుంది. వేలుతో తడిమితే గోరు పట్టేంత పదును ఉండాలి. లోపలి గోడ కింది అంచుకీ ఇదే మాట.

నాలుగు, స్ట్రట్. మోనో హల్‌లో (ఒకే పొట్ట ఉన్న పడవలో) ప్రాప్ దగ్గరికొచ్చే నీరు అడుగు గీత మట్టంలోనే వదులుతుంది. కాటమరాన్‌లో ప్రాప్ ఉండేది టన్నెల్ వెనక, ఆ నీటిని అడుగు నొక్కలేదు. కాబట్టి నీటి మట్టం కీల్ గీతకి స్పాన్సన్ మునిగినంత ఎత్తులో, 8–12 మి.మీ. పైన ఉంటుంది. ఆ లెక్కన మీ 6 మి.మీ. చివరికి సరిపోవచ్చు కూడా. కానీ ముక్కు గంతులేసే పడవకి కాదు. ప్రతి గంతుకీ ప్రాప్ పైకొచ్చి గాలి కోస్తుంది, మీరు వినే కూత అదే. ప్రస్తుతానికి స్ట్రట్ అడుగుని కీల్ గీతకి సమానంగా దింపండి, కోణం సున్నా. గంతులు ఆగాక ఒక్కో మిల్లీమీటర్ పైకెత్తుకుంటూ పొండి. ప్రాప్ వైపు కొన కిందికి వంచితే వెనక లేచి ముక్కు దిగుతుంది, పైకి వంచితే ముక్కు లేస్తుంది. ఇది గుర్తు పెట్టుకుంటే చాలు.

దించాక ఆంపులు పెరుగుతాయి. 30 సెకన్లు తిప్పి ఒడ్డుకి తెచ్చి మోటారు, ఈఎస్సీ ముట్టుకు చూడండి. ముట్టుకుని ఐదు సెకన్లు వేలు ఆనించలేకపోతే 38 మి.మీ. ప్రాప్ వెయ్యండి.

---

పైరగాలి:

పైన చెప్పినవన్నీ ఒప్పుకుంటూనే ఒక్క మాట. 12–15 డిగ్రీల అడుగు పొద్దుటి చెరువులో అద్దం మీద జారినట్టు పోతుంది, నిజమే. సాయంత్రం కాలువ వేరు. మధ్యాహ్నం నుంచి పైరగాలి ఎక్కి నీటి మీద దగ్గరదగ్గరగా పొట్టి అలలు లేస్తాయి. రివిట్‌మెంట్ (గట్లకి రాతి కట్టు) కట్టిన కాలువలో మీ పడవ అలే రెండు గట్లకీ కొట్టుకుని తిరిగొస్తుంది. నాలుగు రౌండ్లు తిరిగేసరికి మధ్యలో 5–8 సెంటీమీటర్ల అలలు అడ్డదిడ్డంగా ఉంటాయి. చదును అడుగు అక్కడ గవ్వలా ఎగురుతుంది.

కాబట్టి 22 డిగ్రీలు చెక్కేసి 15 చెయ్యమని ఎవరన్నా చెప్తే వినకండి. ముందు భాగానికి ఆ కోణం ఉండనివ్వండి. వెనక 200 మి.మీ.కి మాత్రం లోపలి అంచు వెంబడి 15 మి.మీ. వెడల్పు చదును పట్టీ అతికించండి. 22 డిగ్రీల వాలు మీద 15 మి.మీ. దూరంలో అడుగు 6 మి.మీ. పైకి లేచి ఉంటుంది. అంటే త్రికోణపు బద్ద కావాలి, లోపలి వైపు సున్నా, బయటి వైపు 6 మి.మీ. మందం. బయటి అంచు నిలువుగా, పదునుగా ఉంచితే అదే స్ట్రేకులా పని చేసి పక్కకి పాకే నీటిని కిందికి విరగ్గొడుతుంది. ముందు కొస మొండిగా ఉంచకండి, 40 మి.మీ. మేర సన్నగా చెక్కి అడుగులో కలిపెయ్యండి. లేకపోతే అక్కణ్ణుంచి తుంపర లేచి టన్నెల్లోకి పోతుంది.

టన్నెల్ వెడల్పు 130 బాగానే ఉంది. ఎత్తు చెప్పలేదు మీరు. ట్రాన్సమ్ దగ్గర కీల్ గీత నుంచి పైకప్పు దాకా 40–45 మి.మీ., ముందు నోటి దగ్గర 65–70 ఉంటే కాలువకి సరి. 600 మి.మీ. పొడవులో ఆ 25 తేడా అంటే 2.4 డిగ్రీలు. అంతకంటే ఎక్కువ వాలు పెట్టి టన్నెల్లో గాలి బంధిద్దామని చూడకండి. 50 కి.మీ. వేగంలో ఆ టన్నెల్ గాలి మోసేది సుమారు 400–450 గ్రాములు, పడవ బరువులో ఐదోవంతు కూడా కాదు. 80కి వెళ్తే మాత్రం కిలో దాటుతుంది. అప్పుడు ఎదురుగాలి ఒక్క విసురు విసిరితే పడవ వెనక్కి మొగ్గేస్తుంది. గాలి ఎత్తే చోటు బ్యాలెన్స్ పాయింట్‌కి ముందుంటుంది మరి.

---

పాలకొల్లు_ఆర్సీ:

చాలా థాంక్సండి ఇద్దరికీ. స్కేలు పెట్టి చూశాను. కుడి స్పాన్సన్ ఒక్క కాగితం కూడా దూరనివ్వట్లేదు. ఎడమది మాత్రం చివరి 60 మి.మీ. పైకి లేచిపోయింది, ట్రాన్సమ్ దగ్గర ఆరు కాగితాలు దూరాయి. ట్రాన్సమ్ అంచులు రెండువైపులా గుండ్రంగానే ఉన్నాయి, 2 మి.మీ. రేడియస్ ఉంటుందేమో. ఇంకోటి, ఎడమ అడుగుని బొటనవేలితో గట్టిగా నొక్కితే కొంచెం లోపలికి పోతోంది. టన్నెల్ ఎత్తు వెనక 42, ముందు 66.

వీటిని ఎలా సరిచెయ్యాలి? దగ్గర్లో ఫైబర్ పడవలు చేసే షెడ్డు ఉంది, అక్కడి రెజిన్ తెచ్చుకుంటే సరిపోతుందా?

---

అణియం_అమరం:

ఆరు కాగితాలా! 60 మి.మీ.లో 0.6. ఎడమకి ఎందుకు వాలుతోందో అందులోనే ఉంది. ఉబ్బు ఉన్న వైపు కిందికి పీలుస్తుంది, కుడివైపు పీల్చదు. ముక్కు లేవడంలో కూడా దీని వాటా ఉంది. అతికే పని గురించి తాళ్ళరేవు వైపు ఫైబర్ పని తెలిసినవాళ్ళు చెప్తేనే బాగుంటుంది.

---

మ్యాట్_రెజిన్_తాళ్ళరేవు:

ఆయ్, చెప్తానండి.

రెజిన్ ముందు. వేటపడవల షెడ్డుల్లో వాడేది పాలియెస్టర్ రెజిన్, చాప్డ్ స్ట్రాండ్ మ్యాట్ (తరిగిన గాజు పోగుల చాప). మీ హల్ పాలియెస్టర్‌తో పోసిందో ఎపాక్సీతో పోసిందో తెలీనప్పుడు ఎపాక్సీయే వాడండి. పాలియెస్టర్ మీద ఎపాక్సీ అతుకుతుంది. ఆరిన ఎపాక్సీ మీద పాలియెస్టర్ సరిగా పట్టదు, ఎండలో పెట్టి తీస్తే పెచ్చు లేస్తుంది. ఇంకో సంగతి, లోపల తేలడానికి థర్మోకోల్ పెట్టి ఉంటే పాలియెస్టర్ చుక్క పడినా అది కరిగిపోతుంది, అందులో ఉండే స్టైరీన్ వల్ల. ఎపాక్సీ థర్మోకోల్‌ని ఏం చెయ్యదు.

నొక్కితే లొంగే అడుగుని ముందు సరిచెయ్యాలి. లేదంటే పైన ఎంత తిన్నగా చేసినా వేగంలో నీటి దెబ్బకి మళ్ళీ వంగుతుంది, అప్పుడు స్కేలు చూపించేది ఒకటి, నీళ్ళు చూసేది ఒకటి. లోపలి వైపు 80 నంబరు ఉప్పు కాగితంతో గరుకు చేసి, 200 జీఎస్ఎం (చదరపు మీటరుకి 200 గ్రాములు) గ్లాస్ క్లాత్ రెండు పొరలు వెయ్యండి, వెనక 250 మి.మీ. మేర. ఆ పైన 3 మి.మీ. ప్లైవుడ్ అడ్డపట్టీలు 80 మి.మీ.కొకటి నిలబెట్టి, మూలల్లో చిక్కటి ఎపాక్సీతో గుండ్రంగా పూడ్చండి. ఇది చేసేటప్పుడు పడవని బోర్లించి ఉంచాలి అనుకుంటారు. అలా బోర్లిస్తే లోపలికి చెయ్యి పోదు. తలకిందులుగా కాదు, మామూలుగానే నిలబెట్టండి. అద్దాల షాపులో 10 మి.మీ. మందం అద్దం ముక్క, పడవ కంటే పెద్దది తెచ్చుకోండి. అడుగు వాలు కింద 22 డిగ్రీల చెక్క ముక్కలు ఆనించి, కీల్ గీతలు రెండూ అద్దాన్ని తాకేలా చూసుకుని, అప్పుడు లోపల పొరలు వెయ్యండి. హల్ మెలి తిరిగి ఉంటే కూడా అక్కడే బయటపడుతుంది. ఒక మూల అద్దానికి ఆనదు.

ఎడమ ఉబ్బు తియ్యడానికి ముందుభాగం అరగదీస్తే గ్లాసు పొర పల్చబడిపోతుంది. వెనక నింపడమే మేలు. చివరి 100 మి.మీ. గరుకు చేసి, ట్రాన్సమ్ వెనకవైపు ఒక అద్దం పట్టీకి బ్రౌన్ ప్యాకింగ్ టేప్ చుట్టి, అది అడుగు మట్టం కంటే 2 మి.మీ. బయటికి వచ్చేలా బిగించండి. ఆ టేప్‌కి ఎపాక్సీ అంటదు. ఇప్పుడు పడవని బోర్లించి, ఎపాక్సీలో ఎరోసిల్ (సన్నటి సిలికా) పొడి కలిపి గారెల పిండి అంత గట్టిగా చేసి, ఆ గట్టుకి ఆనించి నింపండి. ఒట్టి మైక్రోబెలూన్ (సన్నటి బోలు పూసల పొడి) కలపకండి. అది మెత్తగా ఉంటుంది, సాపు చెయ్యడం తేలికే గానీ అంచు రెండు పరుగులకే పెచ్చులూడుతుంది. కుడివైపు అంచుకి కూడా అదే గట్టు పద్ధతి, 10–15 మి.మీ. మేర నింపితే చాలు.

ఆరాక చేత్తో కాగితం పట్టుకుని రుద్దితే మళ్ళీ ఉబ్బే వస్తుంది. కిటికీలకి వాడే అల్యూమినియం సెక్షన్ 300 మి.మీ. ముక్కకి ఉప్పు కాగితం అతికించి దాంతో రుద్దండి. అడుగు మీద పెన్సిల్‌తో గళ్ళు గీసుకోండి. గీతలు చెరిగినచోట ఎత్తు, మిగిలినచోట పల్లం. 120తో మొదలు, 240, ఆఖరికి 400 వాటర్ పేపర్ తడిపి. అంచు దగ్గరికొచ్చేసరికి సెక్షన్ ఎప్పుడూ అంచు దాటి బయటికి సగం ఉండాలి, లేకపోతే పదును పోతుంది. పెయింట్ అక్కడ మందంగా కొట్టకండి, అది కూడా గుండ్రం చేస్తుంది.

పైరగాలి గారు చెప్పిన బద్దకి వడ్రంగి దగ్గర టేకు ముక్క బాగుంటుంది. 200 పొడవుకి ఒక్కోటి 6 గ్రాముల లోపే తూగుతుంది. కానీ టేకులో నూనె ఉంటుంది. అతికించే వైపుని గరుకు చేసి ఎసిటోన్ గుడ్డతో తుడిచి, అది ఆరగానే ఎపాక్సీ రాయాలి. మర్నాడు అతికిద్దాంలే అని ఉంచితే నూనె మళ్ళీ పైకొస్తుంది.

ఎండాకాలంలో ఎపాక్సీ 20–30 గ్రాములకి మించి ఒకేసారి కలపకండి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే గట్టిపడే సమయం దాదాపు సగమైపోతుంది. గ్లాసులో కుప్పగా ఉంచితే తన వేడికి తనే ఉడికి పొగలొస్తుంది. వెడల్పు మూతలో పల్చగా పోసుకోండి. వానాకాలంలో అయితే ఆరిన పొర మీద జిడ్డు తేలుతుంది. దాన్ని నీళ్ళతో, గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బర్‌తో కడిగి, ఆరాకే రుద్దాలి. కడక్కుండా రుద్దితే ఆ జిడ్డు ఉప్పు కాగితంతో లోపలికి పోయి, తర్వాతి పొర పట్టదు.

---

గుర్రపుడెక్క_బాధితుడు:

మలుపుల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను.

మీ స్పాన్సన్ ఆకారం, లోపల నిలువు బయట వాలు, కాలువకి మంచిదే. కుడికి తిరిగేటప్పుడు పడవ ఎడమకి జారాలని చూస్తుంది. కుడి స్పాన్సన్ నిలువు గోడకి నీరు అడ్డంగా తగిలి పట్టు ఇస్తుంది. ఎడమ స్పాన్సన్ వాలు మీద తగిలిన నీరు దాన్ని పైకెత్తుతుంది గానీ తన్నదు. అందుకే ఈ రకం బోల్తా పడటం తక్కువ. అయితే బయటి అంచు పైన, అడుగూ పక్కగోడా కలిసేచోట, 45 డిగ్రీలతో 8 మి.మీ. ఏటవాలు ఉండాలి. అక్కడ నిలువు మూల ఉంటే అల తగిలినప్పుడు అదే నీటికి తట్టుకుని పడవని పడేస్తుంది.

ఆర్సీ రేసు పడవలకి కుడివైపే టర్న్ ఫిన్ (మలుపులో పట్టు ఇచ్చే రెక్క) ఉంటుంది, వాళ్ళు తిరిగేది కుడికే. కాలువలో వెళ్ళి తిరిగి రావాలి, ఎటు తిరగాల్సొస్తుందో చెప్పలేం. పెడితే రెండువైపులా పెట్టండి, లేదా మానెయ్యండి. 1.6 మి.మీ. అల్యూమినియం రేకు, కీల్ గీతకి 40 మి.మీ. కిందికి, ముందు అంచు పదునుగా, కాస్త వెనక్కి వాలి ఉండాలి. వాలు లేకపోతే నాచు దండలా వేలాడుతుంది. చుక్కానికీ అదే బాధ. చుక్కాని తిరుగుడు ఎటైనా 20–25 డిగ్రీలకి మించకుండా రిమోట్‌లోనే కట్టెయ్యండి, తిప్పే ముందు థ్రాటిల్ సగానికి తగ్గించండి.

కూలింగ్ నీరు తీసుకునే రంధ్రం చుక్కానిలో ఉందా? నాచు ముందు మూసేది దాన్నే. పక్కనుంచి నీటి ధార ఆగిపోయిందంటే వెంటనే ఒడ్డుకి తెచ్చెయ్యాలి. రొయ్యల చెరువులో ఏరేటర్లు తిరుగుతుంటే పడవ దించకండి, తాళ్ళు నీళ్ళలోనే ఉంటాయి. కాలువలో అయితే రేవు మెట్ల దగ్గర జనం స్నానాలు చేస్తుంటారు, అటు పోనివ్వకండి. 40 మి.మీ. ప్రాప్ 17 వేల ఆర్పీఎంలో కత్తే.

---

పాలకొల్లు_ఆర్సీ:

లోపల పట్టీలు, ఎడమ నింపుడు, అంచులు అయ్యాయండి. టేకు బద్ద ఇంకా అతికించలేదు, ఒక్కోటీ చేసి చూద్దామని. బ్యాలెన్స్ 226కి వచ్చింది, స్ట్రట్ కీల్ గీత మట్టంలో ఉంది. చెరువులో గంతులు దాదాపు ఆగాయి, 45 వస్తోంది. కానీ ఫుల్ థ్రాటిల్‌లో ఇంకా కొద్దిగా ఎడమకి వాలి పోతోంది, సగం థ్రాటిల్‌లో తిన్నగా ఉంది. స్కేలుతో మళ్ళీ చూశాను, రెండు అడుగులూ సమానంగానే ఉన్నాయి.

---

అణియం_అమరం:

ఇది అడుగు తప్పు కాదు, ప్రాప్ టార్క్. మీ ప్రాప్ వెనక నుంచి చూస్తే గడియారం వైపు తిరుగుతుందన్నారు, కాబట్టి హల్ దానికి ఎదురుగా, ఎడమకి ఒరుగుతుంది. మోటారు 800 వాట్లు ఇస్తోందనుకుంటే, 17,760 ఆర్పీఎం దగ్గర టార్క్ (తిప్పే బలం) 0.43 న్యూటన్ మీటర్లు. పూర్తిగా సరిచెయ్యాలంటే మొత్తం పడవ బరువుని 18 మి.మీ. కుడికి జరపాలి. అంతా చెయ్యకండి, అప్పుడు సగం థ్రాటిల్‌లో కుడికి వాలుతుంది. బ్యాటరీ ఒక్కదాన్నే 40 మి.మీ. కుడికి జరిపితే బ్యాలెన్స్ 8 మి.మీ. జరుగుతుంది. అక్కడ మొదలుపెట్టండి. కుడి స్పాన్సన్ లోపల చోటుంటే ఈఎస్సీ కూడా అటే.

తర్వాత స్ట్రట్‌ని 1 మి.మీ. ఎత్తండి. లోతుగా ఉన్న ప్రాప్‌కి టార్క్ కూడా ఎక్కువే. వేగం పెరుగుతున్నంతసేపు ఎత్తుతూ, కూత మొదలైన చోట నుంచి ఒక మిల్లీమీటర్ దించి బోల్టు బిగించెయ్యండి. బద్ద అతికించాక ఆ ఎత్తు మళ్ళీ చూసుకోవాలి, పడవ 2–3 మి.మీ. పైకి తేలుతుంది కాబట్టి ఆ మేర ప్రాప్ కిందికి రావాల్సి ఉంటుంది.

---

పైరగాలి:

బద్ద అతికించేది చెరువులో కుదిరాక, కాలువలో దించకముందు. అతికించిన రోజు ముందు కొస దగ్గర తుంపర ఎటు లేస్తోందో ఎవరినైనా గట్టు మీద నుంచి ఫోన్‌లో స్లో మోషన్ తియ్యమనండి. టన్నెల్లోకి లేస్తుంటే ఆ కొసని ఇంకో 20 మి.మీ. సన్నగా చెక్కాలి. యానాం వైపు ఉప్పునీళ్ళలో కూడా వేస్తానంటే వచ్చాక ఫ్లెక్స్ షాఫ్ట్ (మోటారు నుంచి ప్రాప్‌కి పోయే వంగే కడ్డీ) బయటికి లాగి మంచినీళ్ళతో కడిగి గ్రీజు పెట్టండి, రాత్రంతా ఉంచితే తెల్లారేసరికి ట్యూబ్‌లో పట్టేసుకుంటుంది.